హత్నూర దారిలో, ఆగిపోయిన కూరగాయల సంచి కోసం

రెండు శనివారాలు వరుసగా మా గేటుకు కూరగాయల సంచి కనబడలేదు. ఈ ప్రయాణానికి కారణం అదే. మొదటిసారి చదువుతున్నవారి కోసం కాస్త వెనక్కి వెళ్లి చెబుతాను. మేముండేది పటాన్‌చెరు పక్కన ఒక కాలనీలో. ప్రభుత్వ రంగ ఫ్యాక్టరీలో ఉద్యోగం వచ్చి మా నాన్న తెనాలి వైపు నుంచి ఇక్కడికి చేరారు, మళ్లీ వెళ్లలేదు. నేను ఇక్కడే ఒక బడిలో లైబ్రేరియన్‌గా పనిచేసి పోయినేడు రిటైరయ్యాను. హత్నూర దాటాక ఒక చిన్న ఊళ్లో బాలమణి గారికి ఎకరంన్నర చేను ఉంది. ఆవిడ గంపలతో మా కాలనీ సంతకు వచ్చేవారు. ఓ రోజు సగం సరుకు మిగిలిపోయి ఆవిడ దాన్ని తిరిగి మోసుకెళ్లడం చూసి నేనే ఒక ఏర్పాటు చెప్పాను. పద్నాలుగు ఇళ్లు మూడు నెలలకు ముందే డబ్బు కడతాయి, ప్రతి శనివారం చేను ఏది ఇస్తే అది ఐదు కిలోల సంచిలో ఇంటికి వస్తుంది. ఆ ఊరి ఆటో ఒకటి పొద్దున్నే వచ్చి గేట్లకు తగిలించి వెళ్లేది.

మొదట్లో గొణుగుళ్లు తప్పలేదు. మూడు వారాలు వరుసగా బెండకాయలే వస్తే మా కాలనీలో కొందరు నన్ను చూసి మొహం తిప్పుకున్నారు. వానాకాలంలో పుంటికూర వస్తే, గోంగూరను ఆ పేరుతో పిలిచినందుకు మా పిన్ని నొచ్చుకుంది. అయినా ఏడాది తిరిగేసరికి అందరికీ అలవాటైపోయింది. ఏ నెలలో ఏది కాస్తుందో మాకు తెలియడం మొదలైంది. యాభై ఏళ్లు పైబడ్డాక నేను నేర్చుకున్న కొత్త చదువు అదొక్కటే.

అలాంటిది సంచి ఆగిపోయింది. శుక్రవారం బాలమణి గారి కూతురు మౌనికకు ఫోన్ చేశాను. ఆ అమ్మాయి గుమ్మడిదల వైపు ఒక మందుల కంపెనీలో ప్యాకింగ్ పని చేస్తుంది, మా వాట్సాప్ గ్రూపులో చేను తరఫున ఉండేది తనే. "అమ్మ ఇగ పంపనన్నది మేడం. మీ అందరి పైసలు వాపస్ ఏస్త" అంది. ఎందుకని అడిగితే, "చేను కిరాయికి ఇస్తున్నం. లారీలు ఆపుకుంటరట. సోమారం ఆ లారీలాయనొచ్చి మాట తీసుకుంటడు" అంది. మళ్లీ ఎందుకని అడిగాను. "అమ్మనే అడుగుండ్రి" అని పెట్టేసింది.

బోరు నీళ్లు పాడయ్యాయని నాకు నేనే తేల్చేసుకున్నాను. మా వైపు ఎవరింట్లో ఏది తేడా చేసినా ముందు నీళ్లనే అనుమానిస్తాం, పాశమైలారం ఫ్యాక్టరీల గాలి పీల్చి పెరిగినవాళ్లకు అది సహజం. నీళ్లు పరీక్ష చేయిద్దామని ఒక ఖాళీ సీసా శుభ్రంగా కడిగి చేతిసంచిలో పెట్టుకున్నాను. సోమవారం లోపల బాలమణి గారితో మాట్లాడాలి. లేకపోతే ఆ చేను మీద కంకర పోస్తారు, ఒకసారి పోశాక అక్కడ మళ్లీ మెంతికూర మొలవదు. అందుకని ఆదివారం బయల్దేరాను.

పటాన్‌చెరులో ఆరూ నలభైకి సంగారెడ్డి బస్సు దొరికింది. ఆడవాళ్లకు ఆధార్ కార్డు చూపిస్తే సున్నా టికెట్ ఇస్తారు, మగవాళ్లు యాభై రూపాయలు చేతిలో పెట్టుకుంటే చాలు. నేను కార్డు కోసం సంచిలో వెతుకుతూ ఖాళీ సీసా బయటికి తీసి పట్టుకుంటే కండక్టరమ్మ నవ్వింది. "సీసాకు టికెట్ లేదు గానీ, కార్డు జెర జల్దీ తియ్యమ్మా" అంది. ఇస్నాపూర్ దగ్గర రాత్రి షిఫ్టు దిగిన కుర్రాళ్లు ఎక్కి, సీటు దొరికీ దొరక్కముందే నిద్రలోకి జారుకున్నారు. రోడ్డుకు రెండు వైపులా మంచు పట్టి ఉంది. రుద్రారం దాటేదాకా అందులో ఏది మంచో ఏది పొగో నాకు తెలియలేదు. ఏడూ నలభైకి సంగారెడ్డిలో దిగాను. బస్టాండు బయట బండి దగ్గర రెండు ఇడ్లీలు, టీ కలిపి నలభై రూపాయలు. ఇడ్లీ బాగానే ఉంది, పల్లీ చట్నీలో కారం మాత్రం మా గుంటూరు చుట్టాలకే సవాలుగా ఉంది.

ఎనిమిదింపావుకు నర్సాపూర్ వెళ్లే బస్సు ఎక్కాను. ఆదివారం కాబట్టి ఖాళీగా ఉంది. ఊళ్లు పలచబడుతుంటే పత్తి చేలు, మధ్యలో గోడలు కట్టిన ఖాళీ స్థలాలు, ఆ గోడల మీద అమ్మకానికి అన్న రాతలు కనబడుతూ వచ్చాయి. తొమ్మిది దాటాక మౌనిక తరువాత మెసేజీలో చెప్పిన గుర్తు దగ్గర దిగి ఆటో కోసం నిలబడ్డాను. అక్కడ షేర్ ఆటోలో మనిషికి ముప్పై. పొద్దున పూట నిండే దాకా ఆగలేకపోతే మొత్తం ఆటోకు నూట ఇరవై అడుగుతారు. నేను ఆగలేకపోయాను.

"ఏడికి మేడం?" అన్నాడు డ్రైవర్ మల్లేశ్.

"బాలమణి గారి చేనుకు."

"సత్తయ్య భార్యనా? పటాన్‌చెరు నుంచి సంచులోళ్లు మీరేనా?" అని అద్దంలో నన్ను చూశాడు. "ఆ సంచులు కొన్నిసార్లు నేనే ఏసిన. ఇగ బంద్ అంట కద. మంచి చేను మేడం. సత్తన్న పాశమైలారంల కంపెనీకి పోయేటోడు, మధ్యాహ్నం దాక చేన్ల ఉండి సెకండ్ షిఫ్టుకు పోయేటోడు. గట్ల మనిషి, బస్టాపుల కూసున్న కాడనే పోయిండు."

ఆ సంగతి నాకు తెలుసు. సత్తయ్య గారు ఆషాఢంలో పోయారు, గుండెపోటని చెప్పారు. అప్పుడు రెండు వారాలు సంచి రాలేదు. గ్రూపులో అందరం దండాల బొమ్మలు పెట్టాం, నేను ఒకసారి ఫోన్ చేశాను. మా కాలనీ నుంచి ఒక్కరం కూడా ఆ ఇంటికి వెళ్లలేదు. ఏడాదిగా ఆ చేను తిండి తింటున్నా ఆ ఊరికి వెళ్లడం నాకు ఇదే మొదటిసారి. ఆ మాట ఆటోలో కూర్చున్నప్పుడే మొదటిసారి గుర్తొచ్చింది, చాలా సిగ్గేసింది.

చేను రోడ్డు పక్కనే ఉంది. లారీలవాళ్లకు నచ్చింది అందుకేనేమో. అప్పటికే కొలతలు కూడా వేసినట్టున్నారు, సున్నంతో పోసిన తెల్లటి గీత ఒకటి మెంతి మడి మధ్యలో నుంచి అవతలి గట్టు దాకా సాగింది. దానికి అటు వంగ మొక్కలు, ఇటు ముల్లంగి, చివర్న చిక్కుడు పందిరి. బాలమణి గారు పందిరి కింద నిలబడి కాయలు తెంపి ఒడిలో వేసుకుంటున్నారు. మౌనికకు ఆ రోజు సెలవు, గట్టు మీద టమాటాలు ఏరుతోంది. సంతలో ఉన్నన్నాళ్లూ నన్ను నోరారా "అక్కా" అని పిలిచిన మనిషి ఆ రోజు "రాండ్రి మేడం" అన్నారు. ఒడిలోని కాయలు గంపలో పోసి మళ్లీ పందిరి కిందికి వెళ్లిపోయారు.

నీళ్లు తాగుతానేమో అని మౌనిక నా సంచిలోంచి పైకి కనబడుతున్న సీసా తీసింది. "గిదేంది మేడం, ఖాళీ సీసా పట్టుకొచ్చిన్రు?" అంది. అబద్ధం చెప్పడం నాకు చేతకాదు. బోరు నీళ్లు పరీక్షకు పంపుదామని తెచ్చానన్నాను. బాలమణి గారి చెయ్యి ఆగింది.

"మా బోరుకు ఏం కాలే. కింది ఊరోళ్లకు వాసనొస్తుందని అంటరు, మాకు రాలే. పొద్దుగాల గా నీళ్లే తాగినం. మీకు అనుమానముంటే తీసుకపోండ్రి."

"అయితే సంచి ఎందుకు ఆపేశారండీ? మా వల్ల ఏదైనా పొరపాటు జరిగిందా?"

ఆవిడ కూతురి వైపు చూసి తల ఊపారు. మౌనిక చేతులు లంగాకు తుడుచుకుని, ఫోన్ తీసి, మూడు వారాల కిందట గ్రూపులో నేను పెట్టిన మెసేజీ చూపించింది. నేను రాసిందే ఇలా ఉంది: "మిత్రులారా, బాలమణి గారి చేనుకు చందా చెల్లించే సమయం వచ్చింది. ఇంకా ఇవ్వనివారు దయచేసి ఇవ్వండి. మనకు చిన్న మొత్తమే, ఆ కుటుంబానికి పెద్ద ఆసరా."

ఇందులో తప్పేమిటో నాకు నిజంగా తెలియలేదు. నన్ను నేను వెనకేసుకొస్తున్నానని అనుకోకండి. ముప్పై ఏళ్లు లైబ్రరీలో వారపత్రికలకు, మాసపత్రికలకు చందాలు కట్టినదాన్ని. చందా, చందాదారు, సంవత్సర చందా అన్నవి నా ఉద్యోగం మాటలు. అందరూ సబ్‌స్క్రిప్షన్ అంటుంటే, శుభ్రమైన తెలుగు మాట ఉండగా ఇదెందుకని పనిగట్టుకుని చందా అని రాశాను. రాసి, గర్వపడ్డాను కూడా.

"మీ దిక్కు చందా అంటే ఏందో నాకు తెల్వదు మేడం" అన్నారు బాలమణి గారు. గొంతు పెంచలేదు. "మా దిక్కు వినాయకునికి పడతరు చందా. లేకుంటే పైసల్లేక పీనుగు ఎల్లని ఇంటికి పడతరు. మా ఆయన పోయిన దినం కంపెనీ పిల్లలొచ్చి వాకిట్ల తువ్వాల పరిచిండ్రు. పదో ఇరవయ్యో ఏసిండ్రు. నేను కాదనలే. ఆ దినం మా ఇంట్ల ఏమున్నది గనుక, దండం పెట్టి తీసుకున్న. గా తువ్వాల ఇప్పటికీ ఉతికి పెట్టిన. గానీ అది పోయినోనికి పరిచిన తువ్వాల. నా చేను బతికే ఉన్నది కద? బతికున్న చేను మీద తువ్వాల పరుస్తరా ఎవరన్నా?"

నేను గబగబా చెప్పడం మొదలుపెట్టాను. పత్రికలకు కట్టే డబ్బును మేం చందా అంటామని, అందులో దానం లేదని, డబ్బు కడితే పత్రిక ఇంటికి వస్తుందని, మీ సంచి కూడా అలాంటిదేనని. ఆవిడ ఓపిగ్గా విన్నారు. మౌనికే మధ్యలో అందుకుంది.

"సరే మేడం, అది మాట తేడా. నేనూ అమ్మకు గదే చెప్పిన, వాళ్ల తెలుగు వేరే ఉంటదని. మరి దాని కింద ఆసరా అని రాసిన్రు కద. మా ఊళ్లె ఆసరా అంటే పింఛను. ముసలోళ్లకు, మొగడు పోయినోళ్లకు వచ్చేది. అమ్మ గది చదివిచ్చుకుని రెండు దినాలు అన్నం తినలే. గది కూడా మీ తెలుగేనా?"

ఆసరా పింఛను పేరని ఆ క్షణంలో తట్టకపోయి ఉండవచ్చు, కానీ ఆ వాక్యం నేను జాలితోనే రాశాను. భర్త పోయిన మనిషి, ఇద్దరు ఆడవాళ్లే చేను చేసుకుంటున్నారు, ఎవరైనా మానేస్తే బాగుండదు, కాస్త మనసు కరిగేలా రాద్దాం అనుకునే రాశాను. చావుకు వెళ్లడానికి తీరిక లేకపోయింది, జాలిపడడానికి మాత్రం దొరికింది. డబ్బు కట్టిన పద్నాలుగు ఇళ్లకూ ఐదేసి కిలోల తాజా కూరగాయలు అందాయి, ఏ వారమూ తూకం తగ్గలేదు. మరి ఇందులో ఎవరు ఎవరికి ఆసరా? "తప్పు నాదేనండీ, జాలిపడే రాశాను, క్షమించండి" అన్నాను. బాలమణి గారు కాసేపు నా మొహంలోకి చూసి, ఖాళీ గంప ఒకటి నా వైపు తోశారు. "వచ్చిన్రు కద, గా చివరి కాయలు తెంపుండ్రి. లేతయి తెంపాలె, గింజ తగిలితే వదిలెయ్యాలె."

గంటన్నర తెంపాను. చిక్కుడు తెంపడం తేలికని అనుకునేవారికి ఒక మాట, మెడ ఎత్తి ఎత్తి పట్టేస్తుంది. ఆవిడ మూడు గంపలు నింపిన సమయంలో నేను ఒకటి నింపాను, అందులోనూ సగం ముదురువని మౌనిక పక్కన పడేసింది. పన్నెండున్నరకు గట్టు మీద కూర్చుని జొన్నరొట్టె, మెంతి వేసిన వంకాయ కూర తిన్నాం. తింటూ నేను అడిగాను, మరి మీ వైపు ఇలాంటి ఏర్పాటును ఏమంటారని.

"వాడిక" అన్నారు ఆవిడ వెంటనే. "మా అత్త పాలు వాడిక పోసేది. జీవితమంతా పోసింది. వాడికంటే ఎవరూ ఎవరికీ ధర్మం చేసినట్టు కాదు. బర్రె ఎండిపోతే మా అత్త పోయి చెప్పేది, రేపటి నుంచి లేవని. వాళ్లు ఊరికి పోతే వాళ్లొచ్చి చెప్పేటోళ్లు, నాలుగు దినాలు వద్దని. పాలల్ల నీళ్లెక్కువైతే మొహం మీదనే తిట్టేటోళ్లు. మా అత్త తిట్లు పడేది, మల్ల తెల్లారి పోసేది. గట్ల తిట్టేటోళ్లున్నరు గనుకనే చెయ్యబుద్ధయితది. మీరు పద్నాలుగు ఇండ్లోళ్లు ఒక్కనాడన్న ఒక్క మాట అన్నరా నన్ను? ఆయన పోయినంక పుచ్చు వంకాయలు కూడా ఏసిన రెండు వారాలు, మందు కొట్టేటోడు లేక. ఎవ్వరూ నోరెత్తలే. అప్పుడే నాకు అనుమానమొచ్చింది. ఈళ్లు కొంటలేరు, ఇస్తున్నరు అని."

వాడిక అన్న మాట మా వైపు కూడా ఉంది. పాల వాడిక అని మా అమ్మమ్మ అనేది. ఇంట్లో ఉన్న మాట వదిలేసి లైబ్రరీలో మాట తెచ్చి పెట్టాను. ఆ పుచ్చు వంకాయలూ నాకు గుర్తున్నాయి. కాలనీలో అందరం చూశాం. పాపం అని ఊరుకున్నాం.

"ఇంకోసారి అందరికీ రాస్తాను, మీరు చెప్పినట్టే రాస్తాను" అన్నాను. ఆవిడ ఒప్పుకోలేదు, కాదనీ అనలేదు. మౌనిక ఫోన్ నా చేతికిచ్చింది. నేను రాసిన మొదటి రెండు ప్రయత్నాలు ఆవిడ చదివించుకుని కొట్టేయించారు. దయచేసి అన్నది వద్దన్నారు. క్షమాపణ సంగతి కూడా, "మీరు నాకు చెప్పిన్రు, అయిపోయింది, ఊరందరికెందుకు?" అని తీసేయించారు. చివరికి ఇంతే మిగిలింది: "బాలమణి చేను. శనివారం సంచి, ఐదు కిలోలు. వాడిక కావాలనుకున్నోళ్లు ఈ రోజే చెప్పాలె. ఎవరికీ వద్దంటే చేను కిరాయికి పోతది." నా భాషలో దిద్దబోయి మానుకున్నాను.

మెసేజీ వెళ్లింది. ముగ్గురం ఫోన్ చుట్టూ కూర్చున్నాం. ఒంటిగంటన్నర లోపల ఏడు ఇళ్లు కావాలన్నాయి. ఒకావిడ కావాలంటూనే ముల్లంగి తగ్గించమంది. బాలమణి గారు అది రెండుసార్లు చదివించుకుని, "చలికాలం ముల్లంగి రాకుంటే ఏమొస్తది?" అని విసుక్కున్నారు, కానీ ఆ విసుగులో మొదటిసారి కాస్త ప్రాణం వినిపించింది. తరువాత మా వీధి చివర ఉండే సుబ్బారావు గారి జవాబు వచ్చింది. ఆయన మా నాన్నతో పనిచేసిన పెద్దమనిషి, అడగకుండానే అందరికీ సాయం చేసే రకం. మౌనిక పైకి చదవడం మొదలుపెట్టి మధ్యలో ఆపేసింది. తల్లి ఆపొద్దంది. "నా డబ్బు వెనక్కి పంపనక్కర్లేదు, ఉంచుకోమనండి. మేం ఇద్దరమే, కూరగాయలు పెద్దగా అక్కర్లేదు. సంచి రాకపోయినా ఫరవాలేదు. ఏదో మన వంతు సాయం."

నేను ఏదో చెప్పబోతే బాలమణి గారు చెయ్యి అడ్డం పెట్టారు. లేచి వెళ్లి ఆ రోజు తెంపిన వాటిలోంచి చిక్కుడుకాయలు, వంకాయలు, టమాటాలు, ఆకులతో సహా నాలుగు ముల్లంగి, రెండు కట్టల మెంతికూర ఏరి, తక్కెడలో తూచి, సంచిలో సర్ది నా ముందు పెట్టారు.

"ఇది ఆ సారు సంచి. తీసుకపోయి తలుపు కొట్టి ఇయ్యుండ్రి. వాళ్లు వండుకుంటమని తీసుకుంటే నా చేను ఉంటది. పాపమని తీసుకుంటే వద్దు, వాపస్ తెచ్చినా నేను ఏమనుకోను. సోమారం లారీలాయనకు ఏం చెప్పాలెనో నాకు తెలుస్తది."

రెండుంబావుకు మల్లేశ్ ఆటోలో బస్సు రోడ్డుకు చేరి, రెండూ నలభై బస్సు పట్టుకున్నాను. తిరుగు దారిలో ఆదివారం సాయంత్రం సంగారెడ్డి నుంచి బస్సులు కిటకిటలాడతాయి, కుదిరితే మూడున్నర లోపల అక్కడినుంచి కదలండి. నేను ఆలస్యమై పటాన్‌చెరు దాకా నిలబడే వచ్చాను, ఐదు కిలోల సంచి కాళ్ల మధ్య పెట్టుకుని. దారంతా ఒకటే భయం. సుబ్బారావు గారు మంచివారు. ఆ మంచితనంతోనే మళ్లీ పాపం అంటే, ఆ చేను మీద కంకర పోయించింది నేనే అవుతాను.

ఐదున్నరకు వాళ్ల తలుపు కొట్టాను. ఆయనే తీశారు. "అయ్యో, పంపొద్దన్నాను కదమ్మా, పాపం ఇంత దూరం..." అన్నారు. నాకు కోపం వచ్చింది, నా మీద రావలసిన కోపం కూడా అందులోనే కలిసింది. "పాపం ఏమీ లేదండీ. ఇది మీరు కొన్న సంచి. మీకు వద్దంటే వద్దని చెప్పండి, తిరిగి ఇచ్చేస్తాను. సాయం మాత్రం ఆవిడ మనల్ని అడగలేదు" అన్నాను. ఆయన చిన్నబోయారు. "నేను మంచికే రాశానమ్మా" అన్నారు. "నేనూ మంచికే రాశానండీ" అన్నాను. తువ్వాల సంగతి చెప్పాను. ఆయన తలుపు పట్టుకుని నిలబడి మొత్తం విన్నారు, కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఈలోగా ఆయన భార్య వర్ధనమ్మ గారు సంచి లోపలికి తీసుకెళ్లి, పేపరు పరిచి అంతా కుమ్మరించారు. ఒక చిక్కుడుకాయ విరిచి చూశారు.

"ఇవన్నీ లేతవి పెట్టిందేమే? నాకు గింజలు కావాలి. గింజ పట్టినవి పెట్టమని చెప్పు ఆ అమ్మాయికి" అన్నారు.

నేను మౌనిక నంబరుకు కలిపి ఫోన్ ఆవిడ చేతికే ఇచ్చాను. అవతల బాలమణి గారు ఎత్తారు. ఏ కథా తెలియని వర్ధనమ్మ గారు పలకరింపు కూడా లేకుండా ఫిర్యాదు మొదలుపెట్టారు, కాయలు మరీ లేతగా ఉన్నాయని, ఐదు కిలోల్లో గింజకాయలు ఒక అరకిలో అయినా ఉండాలని, వంకాయలు మాత్రం బాగున్నాయని. ఫోన్ స్పీకర్లో ఉంది.

"ముదురువి కావాల్నంటే వచ్చే వారం దాక ఆగాలె అమ్మా" అంది బాలమణి గారి గొంతు. "ఇయ్యాల లేతయే ఏరి పెట్టిన. మీకోసం ఒక పాదు తెంపకుంట వదిలిపెడత."

సోమవారం లారీల మనిషి వచ్చాడట. ఎండాకాలం దాకా తనను ఏమీ అడగొద్దని బాలమణి గారు చెప్పి పంపారని మౌనిక మెసేజీ పెట్టింది. ఎండాకాలం తరువాత ఏమవుతుందో నాకు తెలియదు. వాడిక నిలిపింది పది ఇళ్లు మాత్రమే, మిగతావాటిని నేను బతిమాలలేదు. రైతు దగ్గర నేరుగా కొంటే ఆ కుటుంబాన్ని నిలబెడుతున్నామని మా గ్రూపులో చాలాసార్లు అనుకున్నాం, ఒకరినొకరు మెచ్చుకున్నాం. ఆ చేను మమ్మల్ని పోషిస్తోందని ఒక్కసారీ అనుకోలేదు. సత్తయ్య గారి చావుకు వెళ్లకపోవడం ఇప్పుడు దిద్దుకోలేని తప్పు, అది అలాగే ఉంటుంది. మీరు కూడా ఎవరి చేను నుంచైనా ఇలా సంచి తెప్పించుకోవాలనుకుంటే వెళ్లి చేను చూసి రండి, దారి పైన రాశాను. ఒక్క సలహా మాత్రం మరిచిపోకండి. ఏదైనా వారం మీకు సంచి అవసరం లేకపోతే, డబ్బు ఉంచుకోమని ఎప్పుడూ చెప్పకండి. శుక్రవారం పొద్దున ఆరు లోపల, వాళ్లు చేన్లోకి దిగకముందే ఫోన్ చేసి, ఈ వారం వద్దని చెప్పండి. ఆరు దాటితే కోత మొదలైపోతుంది, కోసినది మీరు తీసుకోవలసిందే.